సీసా అక్కయ్యది

ఆ రోజుకు ఆనందకుమారి పెట్టుకున్న పనులు నాలుగే. ఏడున్నరకు ఉప్మా చేయాలి. ఎనిమిదికి ఎవాంజెలిన్ వస్తే బీరువాలోని సీసా ఆ అమ్మాయి చేతికివ్వాలి. బడికి సెలవు చీటీ పంపాలి. ఎల్లుండి ఇంట్లో జరగబోయే జ్ఞాపకార్థ కూడికకు కుర్చీలు ఎన్ని కావాలో షామియానా వాళ్లకు ఫోన్ చేసి చెప్పాలి. ముత్తుకూరులో ఇరవై రెండేళ్లుగా పిల్లలకు తెలుగు చెబుతున్న మనిషి కాబట్టి ఆ నాలుగింటినీ ఒక కాగితం మీద వరుసగా రాసుకుంది. ఉప్మా ఎదురుగా టిక్కు పెట్టింది. మిగిలిన మూడింటికీ ఆ రోజు టిక్కు పడలేదు.

ఆమె భర్త సంజీవరావు పోయి ఎల్లుండికి ఏడాది. ఆయన నెల్లూరులో ఒక కళాశాలలో కెమిస్ట్రీ చెప్పేవాడు. చివరి ఆరేళ్లూ ఒకే పని పట్టుకుని కూర్చున్నాడు. లిథియం, గంధకం పెట్టి చేసే బ్యాటరీ ఒకటి ఉంది. గంధకం చవక, బ్యాటరీ తేలిక. చిక్కంతా ఆ రెండింటి మధ్య పోసే ద్రవంతో. దాన్ని ఎలక్ట్రొలైట్ అంటారు. ఒకసారి భార్య అడిగితే ఆయన ఇలా చెప్పాడు:

"రెండు రేవులు ఉండాయనుకో. మధ్యన నీళ్లు. చార్జింగు పెడితే పడవలు అటు పోతాయి, వాడుకుంటే ఇటు వస్తాయి. ఈ గంధకం రేవుండాదే, అది మెల్లమెల్లగా ఆ నీళ్లలోనే కరిగి పోతాది. పోయి అవతలి రేవులో పేరుకుంటాది. కొన్నాళ్లకు ఇక్కడ రేవు లేదు, అక్కడ దారి లేదు. రేవును కరగనియ్యని నీళ్లు కావాలి నాకు. అదీ ఆటో తోలుకునే మనిషి కొనుక్కోగలిగిన ఖరీదులో."

అలాంటి నీళ్ల కోసం ఆయన నలభై మిశ్రమాలు కలిపాడు. నలభైకి నలభై పోయాయి. నలభై ఒకటోది పోసి చేసిన చొక్కా గుండీ అంత సెల్లు మాత్రం మూడు వందల పన్నెండు సార్లు చార్జి ఎక్కి దిగినా నీరసించలేదు. దాని గ్రాఫు గీత కంప్యూటరులో చూసుకున్న పదకొండో రోజున ఆయనే పోయాడు.

నోటు పుస్తకంలో ఆయన చేతి రాతతో ఉన్న ఆఖరి నమోదు ఇది: "41. పాళ్లు 40లో ఉన్నవే. సీసా అక్కయ్యది."

ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న ఎవాంజెలిన్ అవే పాళ్లతో ఏడు సార్లు కలిపింది. ఏడు సార్లూ సెల్లు అరవయ్యో చార్జి దాటకుండానే చచ్చింది. దీన్ని తేల్చడానికి కళాశాల వేసిన కమిటీకి పెద్ద పద్మనాభయ్య అనే విశ్రాంత ప్రొఫెసరు. "ఒంట్లో బాగలేని మనిషి. పాళ్లు తప్పు రాసుకుని ఉంటాడు" అన్నాడాయన. చెడ్డ ఉద్దేశంతో అనలేదు. ఆ మాట తన చెవిన పడిన సాయంత్రం ఆనందకుమారి పదో తరగతి పేపర్లు దిద్దుతూ ఒకే పిల్లవాడి పేపరును మూడు సార్లు దిద్దింది.

సంజీవరావు పోయాక ఆయన గది సామాను రెండు అట్టపెట్టెల్లో ఇంటికి వచ్చింది. అందులో ఆ 41 సీసా కూడా ఉంది. బిరడా బిగించి, మైనం పెట్టి, ప్లాస్టరు ముక్క మీద పెన్సిలుతో అంకె వేసి ఉంది. ఈ మధ్యాహ్నం మూడు గంటలకు ఆ సీసాను తెరవకుండా తెస్తే, కమిటీ ఎదుటే సెల్లు చేసి, అందులో నిజంగా ఏముందో తేలుస్తారు. తేకపోతే ఆ పని మూతపడుతుంది. సంజీవరావు నోటు పుస్తకం మీద 'నమ్మదగినది కాదు' అన్న మాట ఒకటి పడి, అది అల్మరా ఎక్కుతుంది. ఆ పుస్తకాన్ని ఏడాదిగా తలగడ పక్కన పెట్టుకుంటున్న ఆనందకుమారికి కావలసింది ఆ మాట పడకుండా ఉండడమే. అంతకు మించి ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు.

ఎనిమిదికి ఎవాంజెలిన్ స్కూటీ మీద వచ్చింది. ఆనందకుమారి బీరువా తెరిచింది. సీసా పెట్టిన డబ్బా ఉంది. తేమ పీల్చే పొట్లాలు ఉన్నాయి. వాటి మధ్య సీసా అడుగంత గుండ్రటి ఖాళీ ఉంది.

"మేడం, వేరే చోట ఏమన్నా పెట్టినారా?"

"లేదు."

"ఎవరన్నా తీసినారా?"

ఆనందకుమారి బీరువా తలుపు మూసింది. రాత్రి జరిగిన సంభాషణ ఆమెకు అక్షరం పొల్లు పోకుండా గుర్తొచ్చింది.

కూడిక కోసం నిన్ననే కావలి నుంచి ఆమె ఆడబిడ్డ అబిగయీలు దిగింది. సంజీవరావుకు అక్క, తల్లి తర్వాత తల్లి. ముత్తుకూరు ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరైన మనిషి కాబట్టి ఈ చుట్టుపక్కల ఆమె ప్రార్థన చేయని ఇల్లు తక్కువ. కరోనా వచ్చి తగ్గాక ఆమె ముక్కుకు వాసన పోయింది గానీ గొంతు మాత్రం పోలేదు. రాత్రి దుప్పటి కోసం బీరువా తెరిచి, సీసా చూసి అడిగింది: "ఆనందా, ఇది నా సీసానే కదా? తమ్ముడికి ప్రార్థన నూనె పోసిచ్చింది?"

"మీదే వదినా. ఆయన పుస్తకంలో కూడా రాసినారు."

మాటలను కొలిచి వాడడం ఆనందకుమారికి అలవాటు. ఈ ఏడాదిలో ఆ కొలత ఇంకా చిన్నదైంది. అడిగింది సీసా గురించి. జవాబు చెప్పింది సీసా గురించి. లోపల ఏముందని వదిన అడగలేదు, ఆమె చెప్పలేదు.

"పొద్దున ఆరింటికి ప్రార్థనలకని బయల్దేరింది మా వదిన" అంది ఆనందకుమారి. "సీసా తనతో తీసుకుపోయి ఉంటది."

"అందులో ఉండేది నూనె అనుకున్నారా?" ఎవాంజెలిన్ ఖాళీ డబ్బాను చేతిలోకి తీసుకుంది. "మేడం, ప్రార్థించిన నూనె మిగిలితే మా అమ్మమ్మ ఒక్క చుక్క కూడా పారబోయనియ్యదు. ఎవరికో ఒకరికి రాసి అవగొట్టాల్సిందే."

"మా వదినా అంతే."

ఫోన్ చేశారు. అబిగయీలు ఫోను పక్క గదిలో, ఆమె దిండు కిందే, స్తోత్రగీతంతో సహా మోగింది.

ముత్తుకూరు ఆటోస్టాండులో మాథ్యూ బండి చుట్టూ పదిమంది మూగి ఉన్నారు. అది బ్యాటరీ ఆటో. కరెంటు ప్లాంటుకు, పోర్టుకు డ్యూటీ జనాన్ని దింపే మాథ్యూ దానిని నడిపిన దానికన్నా తోసిందే ఎక్కువ. ఆనందకుమారిని చూడగానే ఎదురొచ్చాడు.

"టీచరమ్మక్కా! మీ వదినమ్మ నా బండిని బతికించిందక్కా! పొద్దున్నే పెద్దమ్మను ఎక్కించుకుంటే చెరువు మలుపులో ఆగిపోయింది. పెద్దమ్మ దిగి, బ్యాటరీ పెట్టె తెరవరా అనింది. తెరిచినా. ఒక చుక్క ఏసి ప్రార్థన చేసింది. ఏసిన చుక్క ఏసినట్టే మాయమైపోయిందక్కా! తడి లేదు, జిడ్డు లేదు. దేవుడు అక్కడికక్కడే తీసేసుకున్నాడు. మూత మూసి హ్యాండిల్ తిప్పితే బండి లేడిపిల్ల!"

ఎవాంజెలిన్ వంగి బ్యాటరీ పెట్టెలోకి చూసింది. "అన్నా, ఈ వైరు వదులుగా ఉంటే మూత తీసేటప్పుడు నీ చెయ్యి తగిలి సర్దుకుని ఉంటది."

"ఆ చెయ్యి అక్కడ తగిలేలా చేసిందెవరంట?" అన్నాడు మాథ్యూ.

దానికి కెమిస్ట్రీలో జవాబు లేదు. అబిగయీలు బండి ముందు అద్దానికి కూడా ఒక చుక్క రాసినట్టుంది. అద్దం మీద అంటించిన దేవుని మాటలో సగం అక్షరాలు కరిగి కిందికి జారాయి. "ఆయన నా..." వరకు మిగిలింది. ఆయన తనకు ఏమవుతాడో తెలియక మాథ్యూ కూడా అప్పుడప్పుడూ దానివైపు చూస్తున్నాడు.

"మనుషులకు ఎవరికన్నా రాసినారా?" అడిగింది ఎవాంజెలిన్.

"అదే వింత. మా అమ్మ మోకాళ్లకు రాయమంటే రాయనంటే రాయననింది. 'ఈ నూనె మనుషులకు పని చేయదురా మాథ్యూ, నా తమ్ముడి కాడే తేలిపోయింది' అనింది. మరలకైతే రాస్తా అనింది. ఇప్పుడు హజరత్తయ్య రొయ్యల గుంటల కాడికి పోయింది."

ఆనందకుమారి ఆ మాట విని తల తిప్పుకుంది. వదిన ఏడాదిగా ఇది మోస్తూ ఉందని ఆమెకు తెలియదు. ఒకే ఇంట్లో రాత్రంతా ఉండి, పక్క పక్క మంచాల మీద పడుకుని, ఒకరి బరువు ఒకరికి తెలియలేదు.

స్కూటీ ముందు, మాథ్యూ ఆటో వెనక బయలుదేరాయి. ఆటోలో తమ బండ్లకు కూడా చుక్క వేయించుకోవాలని మరో ఇద్దరు డ్రైవర్లు ఎక్కారు.

రొయ్యల గుంట గట్టు మీద హజరత్తయ్య ఇంటిల్లిపాదీ నిలబడి ఉంది. తెల్లారుజాము నుంచి గుంటలో నీళ్లు చిలికే ఏరేటరు ఆగిపోయి, రొయ్యలు పైకి తేలడం మొదలుపెట్టిన సమయంలో అబిగయీలు వచ్చింది. మోటారు మీద చుక్కలు వేసింది. సరిగ్గా ఆమె ఆమెన్ అన్నప్పుడు లైనులో కరెంటు వచ్చింది. మోటారు తిరిగింది. దాని నీలం రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడి వచ్చింది. పాపం ఊడిపోతోందని హజరత్తయ్య భార్య అర్థం చెప్పింది. ఇప్పుడు హజరత్తయ్య పళ్లెంలో కర్పూరం వెలిగించి మోటారుకు హారతి ఇవ్వబోతున్నాడు.

"ఆర్పండి! నిప్పు! నిప్పు!" ఎవాంజెలిన్ స్కూటీ ఆపకుండానే దూకింది. స్కూటీని ఆనందకుమారి పట్టుకుంది. ఆ అమ్మాయి చెయ్యి తగిలి పళ్లెం గుంటలో పడింది.

హజరత్తయ్య తేలుతున్న కర్పూరం వైపు, తర్వాత ఆ అమ్మాయి వైపు చూశాడు.

"ఏందిమ్మే ఇది? మీ దేవుడి పని జరిగింది. మా పద్ధతిలో హారతి ఇస్తా ఉండా. అది కూడా తప్పేనా మీకు?"

"తప్పు కాదు హజరత్తయ్యగారూ" అంది ఆనందకుమారి, స్కూటీ స్టాండు వేసి. "తప్పకుండా ఇవ్వండి. ఒక గంట తర్వాత ఇవ్వండి."

"గంట తర్వాత ఎందుకని?"

"అది నూనె కాదు. పెట్రోలు లాంటిది. పూర్తిగా ఆరిపోవాలి."

హజరత్తయ్య మోటారు నుంచి రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయన వెనక ఇంటిల్లిపాదీ వేసింది. "పెట్రోలుతో ప్రార్థన చేస్తారా మీ వాళ్లు?" అని అడిగాడు, నిజంగానే తెలుసుకోవాలని.

"మా వదినకు తెలీదు. ఇక్కడి నుంచి యాడికి పోయింది?"

"చిన్నపోలయ్య పడవ కాడికి. ఇంజను మొరాయిస్తా ఉందని కబురు పెట్టినాడు. ఉండండి, నేనూ వస్తా. నా రంగు సంగతి కూడా తేలాల." ఆయన మోటారుసైకిలు తీశాడు.

అలా కృష్ణపట్నం రేవు దాకా పోయేసరికి స్కూటీ, దాని వెనక నిండా జనంతో ఆటో, దాని వెనక హజరత్తయ్య మోటారుసైకిలు, ఎందుకో ఏమిటో తెలియకుండా వెంట పడిన మరో మూడు బండ్లు కలిసి ఊరేగింపులా తయారయ్యాయి. దారిలో ఒకామె చెంగు తలమీదికి లాక్కుని దండం పెట్టింది. ఆనందకుమారికి తిరిగి దండం పెట్టాలో వద్దో తెలియక, పెట్టింది.

అబిగయీలు పడవ పక్కన ఇసుకలో నిలబడి ఉంది. తెల్ల చీర, చేతిలో ముదురు గోధుమరంగు సీసా. చుట్టూ పాతిక మంది. ఇంజను ప్రార్థన అప్పటికే అయిపోయింది. ఇంజను కదల్లేదు. "చేపల మీదన్నా దీవెన పలకమ్మా" అని చిన్నపోలయ్య అడిగితే, ఐసులో చేపలు పెట్టిన థర్మాకోల్ పెట్టె మీద ఆమె ఉదారంగా నాలుగు చుక్కలు వేసింది. థర్మాకోల్ సుయ్యిమని కరిగి, అరచేయంత బొక్క పడింది. మూత నుంచి మొదలైన బొక్క పక్క గోడ దాకా దిగింది. ఐసు నీళ్లు, వాటి వెనక వంజరాలు ఒకటొకటిగా ఇసుక మీదికి జారుతున్నాయి.

"పెద్దమ్మా, దేవుడు చేపల్ని మళ్లీ సముద్రంలోకి పంపతా ఉండాడా ఏంది?" అన్నాడు చిన్నపోలయ్య, పరుగెత్తి వాటిని ఏరుకుంటూ.

ఆనందకుమారి జనాన్ని దాటుకుని వెళ్లి చెయ్యి చాచింది. "వదినా, ఆ సీసా ఇవ్వండి. అందులో నూనె లేదు."

"నూనె లేకుంటే మరేముంది?"

"ఆయన కాలేజీలో కలిపిన మందు. బ్యాటరీలో పోసేది."

"నాదే అంటివే రాత్రి!"

"సీసా మీదని చెప్పినాను."

అబిగయీలు సీసాను మరదలి చేతిలో పెట్టింది. "ఇరవై రెండేండ్లు పిలకాయలకు చదువు చెప్పి ఇదా నువ్వు నేర్చుకున్న మాట తీరు? ఇంకో రెండు ముక్కలు అంటే నీ సొమ్ము ఏం పోయిండేది?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆ మాటకు తల ఊపారు. ఆనందకుమారి కూడా ఊపింది. అది న్యాయమైన ప్రశ్న.

"ఇది నా తమ్ముడి కాడ మిగిలిపోయిన నూనె అనుకున్నా" అంది అబిగయీలు, గొంతు తగ్గించి. "41 అని రాసుండాదే, చూడు. నలభై ఒక్క దినాలు లెక్కబెట్టి రాసుకున్నాడు, ఆపేసినాడు అనుకున్నా. ఆపకుండా ఉంటే బతికిండేవాడేమో. లేకుంటే అంతా రాసుకున్నా పొయ్యేవాడేమో. ఏ లెక్కా తెగలా ఆనందా, ఏడాది నుంచి."

ఆనందకుమారి చెప్పవలసింది ఒకటి ఉంది. చెప్పడానికి నోరు తెరిచింది కూడా. అప్పటికే ఎవాంజెలిన్ సీసాను ఎండకు ఎత్తి పట్టుకుని చూసి, "మేడం, వేలెడు మిగిలింది. బిరడా యాడుందో తెలీదు. గుడ్డ కుక్కినారు. టైము ఒంటి గంట" అంది. అందరూ మాథ్యూ ఆటో వైపు పరుగెత్తారు.

మాథ్యూ ఆటో నెల్లూరు దాకా ఒక్కసారి కూడా ఆగలేదు. అది ఎందుకు ఆగలేదన్న విషయమై దారంతా అబిగయీలు, ఎవాంజెలిన్ ఒకరినొకరు చూసుకోలేదు.

మూడుకు అయిదు నిమిషాలు ఉందనగా కళాశాల లాబు ముందు ఆటో ఆగింది. పద్మనాభయ్య, ఇంకో ఇద్దరు సభ్యులు లోపల కూర్చుని ఉన్నారు. ఒక పరిశోధక విద్యార్థిని, నల్ల అంచు తెల్ల చీరలో ఒక పంతులమ్మ, ఆటో డ్రైవరు, రంగు సంగతి ఇంకా తేలని హజరత్తయ్య, బొక్క పడిన థర్మాకోల్ పెట్టెను సాక్ష్యంగా పట్టుకున్న చిన్నపోలయ్య, వీళ్లందరికీ ముందు అబిగయీలు లోపలికి వచ్చారు. చేపల వాసన కూడా వచ్చింది.

"మైనం తీయకుండా తేవాలని చెప్పాను" అన్నాడు పద్మనాభయ్య, గుడ్డ కుక్కిన సీసాను చూసి.

"తీశారు సార్" అంది ఎవాంజెలిన్. అంతకు మించి చెప్పడానికి చాలా ఉంది, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకు తెలియలేదు.

తేమ కొలిచే యంత్రంలో ఒక్క చుక్క పెట్టింది. లిథియానికి నీళ్లు గిట్టవు. ఇలాంటి ద్రవాన్ని గాలి కూడా తగలని గాజు పెట్టెలో, రబ్బరు తొడుగుల లోంచి చేతులు పెట్టి కలుపుతారు. ఈ సీసా పొద్దుటి నుంచి సముద్రపు గాలి తాగింది. యంత్రం మీద అంకెలు పెరుగుతూనే పోయాయి. అవి ఆగాక ఎవాంజెలిన్ స్టూలు మీద కూర్చుని చేతుల్లో ముఖం పెట్టుకుంది.

"ఇది పనికి రాదు" అన్నాడు పద్మనాభయ్య మెత్తగా. "అమ్మా, ఏమీ అనుకోవద్దు. సంజీవరావు మంచి మనిషి. ఏదో అంకె తప్పు పడి ఉంటుంది. రాయడంలో పొరపాటు ఎవరికైనా జరుగుతుంది."

"ఆయనకు జరగదు" అంది ఆనందకుమారి.

చేతి సంచిలోంచి నోటు పుస్తకం తీసి, ఆఖరి పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది. పద్మనాభయ్య కళ్లజోడు పెట్టుకుని పైకే చదివాడు. "41. పాళ్లు 40లో ఉన్నవే. సీసా అక్కయ్యది. ఈ అక్కయ్య ఎవరు?"

"నేనే" అంది అబిగయీలు. "ప్రార్థన నూనె పోసిచ్చినా వాడికి, ఆ సీసాలో. నిండుగా ఇచ్చినా. వాడు దాన్ని ఏం చేసినాడో ఆ దేవుడికే తెలవాల."

"నాకు తెలుసు వదినా" అంది ఆనందకుమారి.

రేవులో చెప్పలేకపోయిన మాట ఇప్పుడు చెప్పింది. ఈ ఏడాదిలో ఆమె ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడడం అదే మొదలు. "ప్రతి రాత్రీ రాసుకున్నారు. వెన్నుకు చెయ్యి అందదని నేను రాసేదాన్ని. ఒక్క రోజు కూడా మానలేదు. ఆఖరి చుక్క దాకా అయిపోయింది. 'అక్కతో చెప్పొద్దు, ఇంకో సీసా పట్టుకుని కావలి నుంచి బస్సెక్కి వచ్చేస్తది' అని నవ్వినారు. ఇక్కడ స్టోర్సులో మంచి సీసాలు లేవని నాలుగు నెలలుగా చెప్తా ఉన్నారంట. ఇది మందపాటిది, బిరడా గట్టిది అని మర్నాడు ఖాళీ సీసాను కాలేజీకి పట్టుకొచ్చినారు. నలభై ఒకటి దినాల లెక్క కాదు వదినా. ఆయన మీ నూనె మిగల్చలేదు."

అబిగయీలు వంగి మరదలి చెయ్యి వెతుక్కుని పట్టుకుంది. హజరత్తయ్య తన రంగు సంగతి అడగడం మానేసి తలకు చుట్టుకున్న తుండుగుడ్డ తీసి చేతిలో పెట్టుకున్నాడు.

పద్మనాభయ్య మాత్రం పుస్తకం నుంచి తల ఎత్తలేదు. "ఆ ఖాళీ సీసాను కడిగాడా?"

ఎవాంజెలిన్ ముఖం మీద నుంచి చేతులు తీసింది. "నీళ్లు తగలకూడదు కద సార్. గుడ్డతో తుడిచి ఓవెన్‌లో ఆరబెట్టి ఉంటారు."

"నూనె ఆరుతుందా?"

"ఆరదు సార్."

ఎవాంజెలిన్ సీసాను తీసుకుని వెలుతురుకు వంచి చూసింది.

"అడుగున, గోడలకు ఒక పొర ఉండిపోయి ఉంటది" అంది ఎవాంజెలిన్ మెల్లగా. "సార్ అది దాచలేదు. రాసినారు. నేను ఏడు సార్లు చదివినా. సీసా తిరిగిచ్చేయాలని గుర్తుకు రాసుకున్నారేమో అనుకున్నా."

ఆనందకుమారి కూడా అదే అనుకుంది. ఏ వాక్యం ఎందుకు రాశాడో చూడండర్రా అని పిల్లలకు ఏటా చెప్పే మనిషి, జీవితంలో అనవసరపు మాట ఒక్కటి రాయని భర్త రాసిన ఆఖరి వాక్యాన్ని ఇంటి సంగతి అనుకుని వదిలేసింది. తప్పు రాసింది ఆయన కాదు. తప్పు చదివింది తాము.

"ఆ నూనె ఇంకా దొరుకుతుందా?" అడిగాడు పద్మనాభయ్య.

అబిగయీలు కళ్లు తుడుచుకుని చేతి సంచిలోంచి ఇంకో సీసా తీసి బల్ల మీద పెట్టింది. "ఆ డబ్బాలోదే. ఇది నిజంగా నూనె. కావాలంటే వాసన చూసుకోండి. నాకైతే తెలవదు."

చిన్నపోలయ్య ముందుకు వచ్చి, వాసన చూసి, నూనెనే అని కమిటీకి హామీ ఇచ్చాడు.

ఆ సాయంత్రమే ఎవాంజెలిన్ గాజు పెట్టెలో నలభయ్యో పాళ్లతో కొత్తగా కలిపి, తేమ లేకుండా చేసిన నూనె ఒక్క చుక్క వేసింది. కమిటీ మూడు నెలలు గడువు ఇచ్చింది. మూడో రోజు జరిగిన కూడికకు హజరత్తయ్య కుటుంబం, చిన్నపోలయ్య వాళ్లు, ఆటోస్టాండు మొత్తం వచ్చారు. షామియానా వాళ్లకు ఫోన్ చేయలేదు కాబట్టి అందరూ చాపల మీద కూర్చున్నారు. అబిగయీలు ప్రార్థన చేసింది. ఎవరికీ నూనె రాయలేదు, రాయనని కూడా అనలేదు.

మూడు నెలల్లో సెల్లు రెండు వందల ఎనభై చార్జీలు దాటింది. ఇంకా నడుస్తోంది. నూనె లేకుండా చేసిన దాని జోడు సెల్లు యాభై ఎనిమిదో చార్జికి చచ్చింది. అది నూనె మహిమా, నూనెలోని కొవ్వు ఆమ్లాల మహిమా అన్నది ఎవాంజెలిన్ ఇంకా తేల్చవలసి ఉంది. అబిగయీలు ఎప్పుడో తేల్చేసుకుంది.

పరిశోధన గ్రంథం చిత్తుప్రతిని పంపే ముందు అచ్చు తప్పులు చూడమని ఎవాంజెలిన్ ఆనందకుమారికి ఇచ్చింది. వాడిన పదార్థాల పట్టికలో ప్రతి పదార్థానికీ ఎదురుగా అది ఎక్కడి నుంచి వచ్చిందో రాయాలి. లిథియం లవణానికి ఒక కంపెనీ పేరు ఉంది. ద్రావకాలకు ఇంకో కంపెనీ పేరు ఉంది. ఆఖరి వరుసలో, నూనె ఎదురుగా, ఎవాంజెలిన్ ఖాళీ వదిలేసింది. ఆనందకుమారి చాలాసేపు ఆలోచించి, ఆయన రాసిన మాటనే పెన్సిలుతో రాసింది: "అక్కయ్యది."

పద్మనాభయ్య ఆ మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్న చుట్టి, పక్కన ఇలా రాసి పంపాడు: "పూర్తి చిరునామా ఇవ్వాలి."